వీఎస్ కోడ్‌లో ప్రాజెక్టు ఫైళ్ల నిర్వహణ: ఫోల్డరు తెరవడం నుంచి కమిట్ చేసే వరకు

ఒక ఫైలు పేరు మార్చగానే ప్రాజెక్టు ఎందుకు నడవడం మానేసింది? ఒకే పదాన్ని ప్రాజెక్టంతటా ఎలా మార్చాలి? తెలుగులో రాసినదంతా పిచ్చి గుర్తులుగా ఎందుకు కనిపిస్తోంది? కోడ్ రాసే ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్ (వీఎస్ కోడ్)ను కొత్తగా వాడుతున్న విద్యార్థులు, ఉద్యోగంలో తొలి నెలల్లో ఉన్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి.

ఈ ఇబ్బందుల్లో చాలావాటికి కారణం ఫైళ్లను విడివిడిగా చూడటమే. ప్రాజెక్టులోని ఫైళ్లు ఒకదాన్నొకటి పేరుతోను, దారితోను పిలుచుకుంటాయి. అందువల్ల ఒక ఫైలును కదిలించినప్పుడు దాన్ని పిలిచే ప్రతి ఫైలులోనూ ఆ మార్పు జరగాలి. ఆ పని వీఎస్ కోడ్ చాలావరకు చేసిపెడుతుంది, కానీ మనం సరైన వరుసలో నడిస్తేనే చేస్తుంది. కింది అంచెలను ఆ వరుసలోనే రాశాను.

కీబోర్డు మీటలను విండోస్, లినక్స్‌లకు తగినట్లు ఇచ్చాను. మ్యాక్‌లో చాలాచోట్ల కంట్రోల్‌కు బదులు కమాండ్ వాడితే సరిపోతుంది. తేడా ఉన్న కొన్నిచోట్ల ప్రత్యేకంగా చెప్పాను. ఉదాహరణగా తెలుగు, ఇంగ్లీషు భాషల్లో నడిచే ఒక గ్రంథాలయ వెబ్‌సైటును తీసుకుందాం. కోడ్ అంతా 'సోర్స్' ఫోల్డరులోను, తెరమీద కనిపించే తెలుగు మాటలన్నీ పేరు, విలువ జంటలుగా డేటా ఉంచే ఒక జేసన్ ఫైలులోను ఉన్నాయనుకుందాం.

1. మొదలుపెట్టే ముందు

ప్రాజెక్టు ఫోల్డరు ఎక్కడ ఉందో ముందు చూసుకోవాలి. వన్‌డ్రైవ్ వంటి సింక్ సేవలు కాపలా కాసే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో కోడ్ ఉంచడం మంచిది కాదు. వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉండే నోడ్ మాడ్యూల్స్ (ప్రాజెక్టు వాడే బయటి కోడ్ చేరే చోటు) వంటి ఫోల్డరును సింక్ సేవ పైకి పంపుతూ కూర్చుంటే కంప్యూటరు నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఫైలు మార్చబోతే తాళం పడి ఉంటుంది.

విండోస్‌లో డ్రైవ్ మొదట్లోనే ఒక చిన్న పేరున్న ఫోల్డరు పెట్టుకోవడం మేలు. అక్కడ ఫైలు దారి పొడవుకు సంప్రదాయంగా 260 అక్షరాల పరిమితి ఉంది, లోతైన ఫోల్డర్లలో ఆ పరిమితిని దాటడం తేలిక. ఫోల్డరు పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు లేకుండా చూసుకోండి. వీఎస్ కోడ్ వాటిని చక్కగా తెరుస్తుంది కానీ, దాని వెనుక నడిచే పాత కంపైలర్లు, స్క్రిప్టులు అన్నీ అలా తెరుస్తాయన్న భరోసా లేదు. తెలుగు ఫైలు లోపల ఉండాలి, దారిలో కాదు.

విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడేవారు ప్రాజెక్టును లినక్స్ వైపు హోమ్ ఫోల్డరులోనే ఉంచాలి. విండోస్ సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ వైపు నుంచి తెరిస్తే ఫైళ్లు చదవడం, రాయడం బాగా నెమ్మదిస్తాయి.

చివరగా, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ ఉండాలి. అప్పటి స్థితిని ఆ చరిత్రలో భద్రపరచడమే కమిట్. ఒంటరిగా చేసే చిన్న ప్రాజెక్టుకు కూడా ఉండాలి. ఫైళ్లను కదిలించే ముందు వెనక్కి రావడానికి ఒక దారి ఉండటం ఈ వ్యాసంలోని ప్రతి అంచెకూ ఆధారం.

సరిచూసుకోవలసినవి:

- ఫోల్డరు సింక్ సేవ పరిధిలో లేదు
- దారిలో ఖాళీలు, ఇంగ్లీషేతర అక్షరాలు లేవు
- గిట్ రిపాజిటరీ (ఆ చరిత్ర ఉండే చోటు) ఉంది. ఇప్పటివరకు చేసిన పని కమిట్ అయింది
- పాస్‌వర్డులు, కీలు ఉండే ఎన్వ్ (.env) ఫైలు పేరు, గిట్ పట్టించుకోకూడని ఫైళ్లను రాసే గిట్‌ఇగ్నోర్ (.gitignore) ఫైలులో ఉంది

2. ఫైలును కాదు, ఫోల్డరును తెరవండి

ఎక్కువమంది చేసే తొలి పొరపాటు ఇదే. ఒక్క ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే వీఎస్ కోడ్‌కు మిగతా ప్రాజెక్టు కనిపించదు. వెతుకులాట, ఇంపోర్టులు (ఒక ఫైలు మరో ఫైలును పిలిచే వాక్యాలు) సరిచేయడం, గిట్, ప్రాజెక్టు సెట్టింగులు అన్నీ తెరిచిన ఫోల్డరును ఆధారం చేసుకుని పనిచేస్తాయి.

ఫైల్ మెనూలో 'ఓపెన్ ఫోల్డర్' ఎంచుకుని, ప్రాజెక్టు మొదటి ఫోల్డరును తెరవండి. గిట్ ఫోల్డరు (.git), ప్యాకేజ్ ఫైలు (package.json) ఉన్నది ఏదో అదే మొదటి ఫోల్డరు. దాని లోపలి సోర్స్ ఫోల్డరును మాత్రమే తెరిస్తే సగం సౌకర్యాలు పనిచేయవు. అలాగని అన్ని ప్రాజెక్టులూ ఉన్న పెద్ద ఫోల్డరును తెరిస్తే, ఒక ప్రాజెక్టులో చేయవలసిన మార్పు పొరపాటున పక్క ప్రాజెక్టులోనూ జరిగిపోవచ్చు.

కొత్త ఫోల్డరు తెరవగానే ఈ ఫైళ్లు రాసినవారిని నమ్ముతున్నారా అని అడుగుతుంది. మీరు రాసినదో, మీ బృందానిదో అయితే నమ్మండి. ఎక్కడినుంచో దించుకున్న కోడ్ అయితే నిరాకరించండి. అప్పుడది రిస్ట్రిక్టెడ్ మోడ్‌లో తెరుచుకుంటుంది. కోడ్ చదవవచ్చు, మార్చవచ్చు కానీ టాస్కులు, డీబగ్గింగ్, కొన్ని ఎక్స్‌టెన్షన్లు (వీఎస్ కోడ్‌కు అదనంగా చేర్చుకునే సాధనాలు) ఆగి ఉంటాయి. తర్వాత 'కోడ్ నడవడం లేదు' అనిపిస్తే ముందు ఈ మోడ్‌ను గుర్తు చేసుకోండి.

వెబ్‌సైటు ఒక ఫోల్డరులో, దాని సర్వర్ కోడ్ వేరే ఫోల్డరులో ఉంటే 'యాడ్ ఫోల్డర్ టు వర్క్‌స్పేస్' ద్వారా రెండిటినీ ఒకే కిటికీలోకి తెచ్చి, ఆ వర్క్‌స్పేస్‌ను ఒక ఫైలుగా సేవ్ చేసుకోవచ్చు.

3. కొత్త ఫైళ్లు, ఫోల్డర్లు

ఎడమవైపు ఎక్స్‌ప్లోరర్‌ను కంట్రోల్ + షిఫ్ట్ + ఈ తో తెరవండి. కొత్త ఫైలు ఎక్కడ రావాలో ఆ ఫోల్డరును ముందు ఎంచుకుని, ఆ తర్వాతే 'న్యూ ఫైల్' నొక్కాలి. పేరు రాసేటప్పుడు మధ్యలో ముందుకు వాలిన గీత (/) పెడుతూ ఫోల్డరు పేరు, ఫైలు పేరు కలిపి రాస్తే, లేని ఫోల్డర్లను కూడా అదే సృష్టిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక ఫోల్డరులో మరొక ఫోల్డరు తప్ప ఏమీ లేకపోతే, ఎక్స్‌ప్లోరర్ ఆ రెండిటినీ ఒకే వరుసలో కలిపి చూపిస్తుంది. ఆ వరుసలో ఏ పేరు మీద క్లిక్ చేశారో దాన్నిబట్టి కొత్త ఫైలు చోటు మారుతుంది. ఇది తికమకగా ఉంటే సెట్టింగుల్లో 'కాంపాక్ట్ ఫోల్డర్స్' అని వెతికి టిక్ తీసేయండి. కొత్తవారందరూ తీసేయడమే మేలని నా అభిప్రాయం.

4. పేరు, చోటు మార్చడం

ప్రాజెక్టులు ఎక్కువగా విరిగేది ఇక్కడే. మొదటి నియమం: పేరు మార్చినా, చోటు మార్చినా వీఎస్ కోడ్ లోపలే మార్చండి. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనో, మ్యాక్ ఫైండర్‌లోనో మారిస్తే, ఆ ఫైలును పిలుస్తున్న మిగతా ఫైళ్లకు సంగతి చేరదు.

గ్రంథాలయ వెబ్‌సైటులో హెడర్ ఫైలును 'కాంపోనెంట్స్' నుంచి 'లేఅవుట్' ఫోల్డరులోకి జరపాలనుకుందాం. వరుస ఇది:

1. మార్పులన్నీ సేవ్ చేసి, కమిట్ చేయండి.
2. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలును పట్టుకుని లేఅవుట్ ఫోల్డరు మీద వదలండి. పేరు మార్చడానికైతే ఎఫ్2 నొక్కండి, మ్యాక్‌లో ఎంటర్.
3. ఇంపోర్టులు సరిచేయాలా అని అడిగినప్పుడు 'యస్' నొక్కండి. జావాస్క్రిప్టు, టైప్‌స్క్రిప్టులకు ఇది వీఎస్ కోడ్‌తోనే వస్తుంది. మిగతా భాషల్లో ఆ భాష ఎక్స్‌టెన్షన్‌ను బట్టి ఉంటుంది.
4. ఫైల్ మెనూలో 'సేవ్ ఆల్' నొక్కండి.
5. పాత దారిని ప్రాజెక్టంతటా వెతకండి.
6. ప్రాజెక్టును ఒకసారి నడిపి చూడండి.
7. ఫైలు లోపల ఇంకే మార్పూ చేయకముందే కమిట్ చేయండి.

అయిదో మెట్టును చాలామంది వదిలేస్తారు. ఇంపోర్టు వాక్యాలు సరిదిద్దబడతాయి కానీ, కోట్స్ మధ్య మామూలు మాటగా రాసిన దారులు, ప్యాకేజ్ ఫైలులోని స్క్రిప్టులు, డాకర్ ఫైలులోని దారులు, రీడ్‌మీలో రాసిన సూచనలు అలాగే ఉండిపోతాయి. వాటిని వెతికి పట్టుకోవలసింది మనమే.

ఏడో మెట్టుకు కారణం గిట్ పనిచేసే తీరు. గిట్ 'పేరు మారింది' అన్న సమాచారాన్ని ఎక్కడా రాసిపెట్టుకోదు. పోయిన ఫైలు, వచ్చిన ఫైలు ఎంత పోలి ఉన్నాయో చూసి ఊహిస్తుంది. మామూలుగా సగం, అంటే 50 శాతం పోలిక ఉంటేనే పేరు మార్పుగా లెక్కిస్తుంది. ఒకే కమిట్‌లో ఫైలును జరిపి, లోపల సగానికి పైగా తిరగరాస్తే, పాత ఫైలు తొలగి కొత్తది పుట్టినట్లు కనిపిస్తుంది. ఆ ఫైలు గతాన్ని వెనక్కి చదవడం కష్టమవుతుంది.

మరో ఉచ్చు పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా. ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరాన్ని పెద్దబడి నుంచి చిన్నబడికి మార్చారనుకుందాం. విండోస్, మామూలు అమరికలో ఉన్న మ్యాక్ ఈ రెండు పేర్లనూ ఒకటిగానే చూస్తాయి కాబట్టి మీ దగ్గర అంతా బాగానే నడుస్తుంది. లినక్స్ సర్వర్ మీద మాత్రం 'మాడ్యూల్ దొరకలేదు' అని ఆగిపోతుంది. ఇలాంటి మార్పును రెండు అంచెల్లో చేయాలి: టెర్మినల్‌లో గిట్ ఎంవీ (git mv) ఆదేశంతో ముందు ఒక తాత్కాలిక పేరుకు, అక్కడినుంచి కావలసిన పేరుకు. వీలైతే బృందమంతా ఫైలు పేర్లన్నీ చిన్నబడి అక్షరాల్లోనే పెట్టుకోవాలని మొదటి రోజే నిర్ణయించుకోండి.

ఫంక్షన్, వేరియబుల్ పేరు మార్చడం వేరే పని. ఎడిటర్‌లో ఆ పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్2 నొక్కితే, కోడ్ అర్థాన్ని చూసి సంబంధిత చోట్లలో మాత్రమే మారుస్తుంది. దీన్ని వెతికి మార్చే పద్ధతిలో చేయకండి.

5. ఫైళ్ల మధ్య తిరగడం

కంట్రోల్ + పీ నొక్కి ఫైలు పేరులో రెండు మూడు అక్షరాలు రాస్తే చాలు. పేరు తర్వాత కోలన్ పెట్టి 42 అని రాస్తే 42వ వరుసకు తీసుకెళ్తుంది.

ఒక్క క్లిక్‌తో తెరిచిన ఫైలు ట్యాబ్ పేరు వాలు అక్షరాల్లో ఉంటుంది. అది ప్రివ్యూ, మరో ఫైలు క్లిక్ చేస్తే అదే ట్యాబ్‌లోకి వస్తుంది. 'నేను తెరిచిన ఫైలు మాయమైంది' అనేవారికి జరిగేది ఇదే. నిలబెట్టుకోవాలంటే డబుల్ క్లిక్ చేయండి. మూసేసిన ట్యాబ్ కంట్రోల్ + షిఫ్ట్ + టీ తో తిరిగి వస్తుంది.

తెలుగు, ఇంగ్లీషు జేసన్ ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూడాలంటే కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత (\) మీట నొక్కి ఎడిటర్‌ను రెండుగా చీల్చండి. రెండు ఫైళ్ల తేడాలే కావాలంటే ఒకదాని మీద కుడి క్లిక్ చేసి 'సెలెక్ట్ ఫర్ కంపేర్', రెండోదాని మీద 'కంపేర్ విత్ సెలెక్టెడ్' ఎంచుకోండి.

6. సేవ్ చేసే పద్ధతిని ఎంచుకోవడం

ట్యాబ్ మీద మూసే గుర్తు (×) స్థానంలో గుండ్రటి చుక్క ఉంటే ఆ ఫైలు సేవ్ కాలేదని అర్థం. 'కోడ్ మార్చాను కానీ ఫలితం మారలేదు' అన్నప్పుడు ముందు చూడవలసింది ఈ చుక్కనే.

ఆటో సేవ్‌లో కొంత సమయం తర్వాత సేవ్ చేయడం ఒక పద్ధతి. దానికి మామూలు వ్యవధి 1000 మిల్లీసెకన్లు. వెబ్ ప్రాజెక్టులకు దీన్ని నేను సూచించను. వాక్యం సగంలో ఉండగానే సేవ్ అయ్యి, సర్వర్ మళ్లీ మొదలై, తెర మీద లోపాలు చూపిస్తూ ఉంటుంది. పైగా సేవ్ చేసినప్పుడు కోడ్‌ను సర్దే 'ఫార్మాట్ ఆన్ సేవ్' ఈ పద్ధతిలో పనిచేయదు. ఫైలు నుంచి బయటికి వచ్చినప్పుడు సేవ్ చేసే 'ఆన్ ఫోకస్ చేంజ్' ఎక్కువమందికి సరిపోతుంది.

పాత ప్రాజెక్టులో 'ఫార్మాట్ ఆన్ సేవ్' పెట్టేటప్పుడు దాని మోడ్‌ను 'మోడిఫికేషన్స్'గా మార్చండి. లేకపోతే మీరు ఒక్క వరుస మారిస్తే ఫైలంతా సర్దుబడి, మీ మార్పు ఏదో సమీక్షించేవారికి తెలియకుండా పోతుంది.

ఒకే ఫైలులో ఒకే మాట పలుచోట్ల ఉంటే దాని మీద కర్సర్ పెట్టి కంట్రోల్ + డీ నొక్కుతూ పోండి. ఒక్కో నొక్కుకు తర్వాతి చోటు కూడా ఎంపికవుతుంది. అప్పుడు రాసినది అన్నిచోట్లా ఒకేసారి పడుతుంది.

7. ప్రాజెక్టంతటా వెతికి మార్చడం

ముందు వెతకడం, తర్వాత చూడటం, ఆ తర్వాతే మార్చడం. ఈ మూడిటినీ కలిపి ఒకే నొక్కుతో చేయాలన్న తొందర మంచిది కాదు.

1. కమిట్ కాని మార్పులు లేకుండా చూసుకోండి. అప్పుడు తేడా వస్తే ఒక్క ఆదేశంతో వెనక్కి రావచ్చు.
2. వెతకవలసిన ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి 'ఫైండ్ ఇన్ ఫోల్డర్' ఎంచుకోండి. మొత్తం ప్రాజెక్టైతే కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్.
3. పదం రాసి, ఎన్ని ఫైళ్లలో ఎన్నిచోట్ల ఉందో పైన చూపే సంఖ్య చదవండి. మీరు ఊహించినదానికంటే అది చాలా ఎక్కువైతే ఆగండి.
4. పెట్టె పక్కనున్న గుర్తులతో పెద్దబడి, చిన్నబడి తేడాను, పూర్తి పదాన్ని పట్టించుకోమని చెప్పండి. 'యూజర్' అన్న పేరును పూర్తి పదంగా వెతకకపోతే 'యూజర్‌నేమ్' కూడా మారిపోతుంది.
5. కంట్రోల్ + షిఫ్ట్ + హెచ్ నొక్కి కొత్త పదం రాయండి. ఫలితాల మీద క్లిక్ చేస్తే పాతది, కొత్తది పక్కపక్కన కనిపిస్తాయి.
6. మార్చకూడని ఫలితం పక్కన మూసే గుర్తు (×) నొక్కి దాన్ని జాబితా నుంచి తీసేయండి.
7. ఒక ఫైలులో మార్చి చూసి, సరిగా ఉంటే మిగిలినవి మార్చండి.

ఉండాలని తెలిసిన పదం దొరక్కపోతే, గిట్‌ఇగ్నోర్‌లో ఉన్న ఫైళ్లను వెతుకులాట మామూలుగా వదిలేస్తుందని గుర్తుంచుకోండి. వదలవలసిన ఫైళ్ల పెట్టెలో ఉండే చక్రం గుర్తును తాత్కాలికంగా ఆపితే వాటిలోనూ వెతుకుతుంది.

తెలుగు పాఠ్యంలో వెతికేటప్పుడు అదనపు జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన పదాలకు విభక్తులు అతుక్కుంటాయి. వెబ్‌సైటులో 'పుస్తకం' అన్నచోటల్లా 'గ్రంథం' అని మార్చాలనుకుందాం. 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు', 'పుస్తకానికి' దొరకవు. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే 'పుస్తక' అని వెతికి 'గ్రంథ' అని మారిస్తే, సున్నా, దీర్ఘం వాటి చోట్లలో అలాగే ఉండి 'గ్రంథం', 'గ్రంథాలు', 'గ్రంథానికి' సరిగ్గా వస్తాయి. అయితే 'పాఠ్యపుస్తకాలు' కూడా 'పాఠ్యగ్రంథాలు' అయిపోతాయి. అందుకే ఆరో మెట్టు.

ఇంకొకటి కంటికి కనిపించదు. 'వెబ్‌సైట్' అన్న మాటలో పొల్లు తర్వాత 'స' వత్తుగా మారకుండా ఉండటానికి ఒక అదృశ్య అక్షరం, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, పెడతాం. ఒకచోట అది ఉండి, మరోచోట లేకపోతే వీఎస్ కోడ్‌కు అవి రెండు వేర్వేరు పదాలు. ఒక రూపంతో వెతికితే రెండోది దొరకదు. తెర మీది ఒక ఫలితం నుంచి పదాన్ని కాపీ చేసి వెతకండి, తర్వాత ఆ అదృశ్య అక్షరం లేని రూపంతో మరోసారి వెతకండి. తెలుగు ఫైలులో కొన్ని అక్షరాల దగ్గర చిన్న గడి కట్టి హెచ్చరిక కనిపిస్తే అది లోపం కాదు. అక్కడ అదృశ్య అక్షరం ఉందని వీఎస్ కోడ్ చెబుతోందంతే.

8. తెలుగు అక్షరాలు చెదిరితే

కిటికీ కింది పట్టీలో కుడివైపు 'యూటీఎఫ్-8' అని ఉంటుంది. అది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి. తెలుగు ఉన్న ప్రతి ఫైలుకూ అదే ఉండాలి.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ ఫైలును పొరపాటున విండోస్ 1252 ఎన్‌కోడింగ్‌లో తెరిస్తే, ఒక్కో బైటూ ఒక్కో గుర్తుగా కనిపిస్తుంది. అప్పుడు తెర మీద పదే పదే రెండు జంటలు వస్తాయి: పైన వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఏ' పక్కన డిగ్రీ గుర్తు (°), లేదా అదే అక్షరం పక్కన ప్లస్ మైనస్ గుర్తు (±). ఈ జంటలు కనిపిస్తే మీ తెలుగు పోలేదు. తెరిచిన పద్ధతి మాత్రమే తప్పు.

ఇక్కడే చాలామంది అసలు నష్టం తెచ్చుకుంటారు. కింది పట్టీలో ఎన్‌కోడింగ్ పేరు నొక్కితే రెండు ఎంపికలు వస్తాయి. 'రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్' ఫైలులోని బైట్లను ముట్టుకోకుండా కొత్త పద్ధతిలో మళ్లీ చదువుతుంది. 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్' తెర మీద కనిపిస్తున్నదాన్నే కొత్త పద్ధతిలో రాసేస్తుంది. పిచ్చి గుర్తులు కనిపిస్తుండగా రెండోది ఎంచుకుంటే ఆ గుర్తులే శాశ్వతంగా ఫైలులో పడతాయి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి:

1. ఏమీ టైప్ చేయకండి, సేవ్ చేయకండి.
2. 'రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్' ఎంచుకుని యూటీఎఫ్-8తో తెరవండి.
3. తెలుగు సరిగ్గా కనిపించాకే మార్పులు చేసి సేవ్ చేయండి.
4. అప్పటికే తప్పుగా సేవ్ చేసి ఉంటే, పదకొండో అంచెలో చెప్పిన టైమ్‌లైన్ నుంచో, గిట్ నుంచో పాత ప్రతిని తెచ్చుకోండి.

ఎక్సెల్‌లో తెరవవలసిన సీఎస్‌వీ ఫైలుకు మాత్రం 'యూటీఎఫ్-8 విత్ బీఓఎమ్' ఎంచుకుని సేవ్ చేయండి. ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే అదృశ్య గుర్తే బీఓఎమ్. అది లేకపోతే డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు తెలుగు చెదిరి కనిపించవచ్చు. అదే బీఓఎమ్‌ను జేసన్ ఫైలుకు పెట్టకండి, దాన్ని చదివే ప్రోగ్రాములు కొన్ని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాయి.

డీటీపీ కేంద్రం నుంచి అను ఫాంట్లలో టైప్ చేసిన పాఠ్యం వస్తే ఏ ఎన్‌కోడింగ్ ఎంచుకున్నా ప్రయోజనం లేదు. అందులో ఉన్నవి తెలుగు యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫాంటు తెలుగు ఆకారాలుగా చూపే వేరే సంకేతాలు. ముందు యూనికోడ్‌కు మార్చే సాధనంతో మార్చి, ఆ తర్వాతే ప్రాజెక్టులోకి తీసుకోవాలి.

తెలుగు అక్షరాలు మరీ చిన్నగానో, అతుక్కుపోయినట్లో కనిపిస్తే, ఎడిటర్ ఫాంట్ ఫ్యామిలీ సెట్టింగులో ఇప్పుడున్న ఫాంటు తర్వాత కామా పెట్టి విండోస్‌లో నిర్మలా యూఐ, లేదా మీ కంప్యూటరులో ఉంటే నోటో సాన్స్ తెలుగు చేర్చండి. కోడ్ పాత ఫాంటులోనే ఉండి, తెలుగు మాత్రం కొత్తదానిలో వస్తుంది.

9. వరుస ముగింపులు

వరుస ముగిసిందని తెలిపే అదృశ్య గుర్తుగా విండోస్ సీఆర్ఎల్ఎఫ్‌ను, లినక్స్, మ్యాక్‌లు ఎల్ఎఫ్‌ను వాడతాయి. ఒక్క అక్షరం మార్చినా గిట్‌లో ఫైలంతా మారినట్లు కనిపిస్తే, వరుస ముగింపులు మారి ఉండవచ్చు. షెల్ స్క్రిప్టు సీఆర్ఎల్ఎఫ్‌తో సేవ్ అయితే లినక్స్ సర్వర్ మీద నడవనే నడవదు. కింది పట్టీలో ఆ పేరు మీద నొక్కి ఎల్ఎఫ్ ఎంచుకుని సేవ్ చేయండి. బృందమంతటికీ ఒకేలా ఉండాలంటే ఏ ఫైలుకు ఏ ముగింపో గిట్‌కు చెప్పే ఒక గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టడమే సరైన మార్గం. ఒక్కొక్కరు తమ కంప్యూటరులో సెట్టింగు మార్చుకోవడం నిలబడదు.

10. దాచడం వేరు, వదిలేయడం వేరు

ఈ మూడిటినీ కలిపేసుకోకండి:

- 'ఫైల్స్ ఎక్స్‌క్లూడ్' ఫైలును ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించకుండా చేస్తుంది, వెతుకులాటలోనూ రానివ్వదు. ఫైలు డిస్కు మీద, గిట్‌లో అలాగే ఉంటుంది.
- 'సెర్చ్ ఎక్స్‌క్లూడ్' వెతుకులాటకు మాత్రమే వర్తిస్తుంది.
- గిట్‌ఇగ్నోర్ గిట్ ఇంకా గుర్తించని ఫైళ్లకే వర్తిస్తుంది. ఒకసారి కమిట్ చేసిన ఎన్వ్ ఫైలు పేరును తర్వాత అందులో రాసినా ప్రయోజనం ఉండదు. గిట్ ఆర్ఎమ్ ఆదేశాన్ని క్యాష్డ్ ఐచ్ఛికంతో (git rm --cached) వాడి జాబితా నుంచి తీసేయాలి. అది అప్పటికే సర్వర్‌కు వెళ్లి ఉంటే అందులోని కీలను, పాస్‌వర్డులను వెంటనే మార్చండి, ఎందుకంటే పాత కమిట్లలో అవి ఇంకా ఉంటాయి.

బిల్డ్ చేసినప్పుడు, అంటే కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చినప్పుడు, తయారయ్యే ఫైళ్లను తెలియక చేత్తో మార్చడం మరో సాధారణ తప్పు. తర్వాతి బిల్డ్‌లో ఆ మార్పంతా తుడిచిపెట్టుకుపోతుంది. 'రీడ్ ఓన్లీ ఇన్‌క్లూడ్' సెట్టింగులో ఆ ఫోల్డరును చేర్చితే ఎడిటర్ వాటిని చదవనిస్తుంది కానీ మార్చనివ్వదు.

ఇలాంటివన్నీ 'యూజర్' భాగంలో కాక 'వర్క్‌స్పేస్' భాగంలో పెట్టండి. అవి ప్రాజెక్టులోని వీఎస్ కోడ్ ఫోల్డరులో చేరి, కమిట్ చేస్తే బృందంలో అందరికీ అందుతాయి.

11. తొలగించడం, తిరిగి తెచ్చుకోవడం

డిలీట్ మీటతో తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌కు వెళ్తుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే శాశ్వతంగా పోతుంది. రిమోట్ సర్వర్ మీది ఫోల్డరులో పనిచేస్తున్నప్పుడు బిన్ ఉండకపోవచ్చు కాబట్టి, అడిగే పెట్టెలో 'పర్మనెంట్లీ' అన్న మాట ఉందేమో చదివాకే ఒప్పుకోండి. తొలగించే ముందు ఫైలు పేరును ప్రాజెక్టంతటా ఒకసారి వెతకడం అలవాటు చేసుకోండి.

పొరపాటు జరిగితే ఈ వరుసలో ప్రయత్నించండి:

1. ఎక్స్‌ప్లోరర్‌లో క్లిక్ చేసి కంట్రోల్ + జెడ్. పేరు మార్చడం, జరపడం, తొలగించడం వెనక్కి వస్తాయి.
2. రీసైకిల్ బిన్.
3. ఫైలు ఉండి, అందులోని పాత పాఠ్యం కావాలంటే ఎక్స్‌ప్లోరర్ అడుగున ఉన్న టైమ్‌లైన్ తెరవండి. వీఎస్ కోడ్‌లో సేవ్ చేసిన ప్రతులు, మామూలుగా ఫైలుకు 50 వరకు, అక్కడ ఉంటాయి. 'రీస్టోర్ కంటెంట్స్'తో తెచ్చుకోవచ్చు.
4. ఫైలే లేకపోతే కంట్రోల్ + షిఫ్ట్ + పీ నొక్కి 'లోకల్ హిస్టరీ: ఫైండ్ ఎంట్రీ టు రీస్టోర్' ఎంచుకోండి.
5. గిట్‌లోని చివరి కమిట్.

టైమ్‌లైన్ చాలాసార్లు ఆదుకుంటుంది కానీ అది గిట్‌కు బదులు కాదు. అది మీ ఒక్క కంప్యూటరులోనే ఉంటుంది, 256 కిలోబైట్లు దాటిన ఫైళ్లను మామూలుగా దాచదు, వేరే ప్రోగ్రాము చేసిన మార్పులు దానికి తెలియవు.

12. కమిట్ చేసే ముందు

కంట్రోల్ + షిఫ్ట్ + జీ (మ్యాక్‌లోనూ కంట్రోలే) నొక్కి, మారిన ఫైళ్ల జాబితాను పైనుంచి కిందికి చదవండి.

- మీరు ముట్టుకోని ఫైలు ఏదైనా జాబితాలో ఉందా?
- ఒక్క వరుస మార్చిన ఫైలు పూర్తిగా మారినట్లు కనిపిస్తోందా?
- ఎన్వ్ ఫైలు, తాత్కాలిక ఫైళ్లు వచ్చి చేరాయా?
- చోటు మార్పు, పాఠ్యం మార్పు ఒకే కమిట్‌లో కలిశాయా?
- ఏ ట్యాబ్ మీదైనా ఇంకా సేవ్ కాలేదని చెప్పే చుక్క ఉందా?

'డిస్కార్డ్ ఆల్ చేంజెస్' మాత్రం తొందరలో నొక్కకండి. గిట్‌కు ఇంకా చేర్చని కొత్త ఫైళ్లు కూడా ఆ దెబ్బకు పోవచ్చు.

13. తరచుగా ఎదురయ్యే చిక్కులు

'డిస్కు మీది ఫైలు కొత్తది' అని సేవ్ నిరాకరిస్తే: మీరు తెరిచి ఉంచిన ఫైలును వేరే ప్రోగ్రామో, గిట్ బ్రాంచి మార్పో మార్చేసింది. 'ఓవర్‌రైట్' నొక్కకండి. 'కంపేర్' నొక్కి రెండిటినీ చూసి, కావలసిన వరుసలను కలుపుకుని అప్పుడు సేవ్ చేయండి.

ఫైలు డిస్కు మీద ఉంది, ఎక్స్‌ప్లోరర్‌లో లేకపోతే: 'ఫైల్స్ ఎక్స్‌క్లూడ్' చూడండి. 'ఫైల్ నెస్టింగ్' పెట్టి ఉంటే అది మరో ఫైలు కింద ముడుచుకుని ఉండవచ్చు.

లినక్స్‌లో పెద్ద ప్రాజెక్టులో మార్పులను గమనించలేకపోతున్నానని హెచ్చరిస్తే: ఫైళ్ల మార్పులను గమనించే లినక్స్ సదుపాయమైన ఐనోటిఫై పరిమితి నిండింది. ముందు 'వాచర్ ఎక్స్‌క్లూడ్'లో బిల్డ్ ఫోల్డర్లను చేర్చండి. అప్పటికీ చాలకపోతే సిస్టమ్ సెట్టింగులో మాక్స్ యూజర్ వాచెస్ విలువను 524288కు పెంచండి.

కోడ్‌కు రంగులు పోయి, అంతా ఒకే రంగులో కనిపిస్తే: కింది పట్టీలో భాష పేరు 'ప్లెయిన్ టెక్స్ట్' అని ఉందేమో చూసి, సరైన భాషను ఎంచుకోండి. ఫైలు మరీ పెద్దదైతే వేగం కోసం వీఎస్ కోడే రంగులు ఆపేస్తుంది. అలాంటి డేటా ఫైలును ప్రాజెక్టు ఫోల్డరు నుంచి బయటికి జరిపి, కోడ్‌లో దాని దారిని సెట్టింగుగా ఇవ్వండి.